బళేపేటలో అద్దం

మా కొట్లో అద్దం ఒక్కటే అమ్మకానికి కాదు.
పక్కనున్న మంగలిషాపు మూసేసినప్పుడు
అద్దె బాకీ కింద వచ్చింది.
ఓ మూల రసం పోయింది.
ఎవరు నిలబడినా ఎడమ భుజం మబ్బులో ఉంటుంది.

పదకొండేళ్ళుగా రసీదులు రాస్తున్నాను.
ఎవరు ఏం కొనబోతారో
అద్దం దగ్గర ఆగే తీరు చూసి చెప్పేస్తాను.

గిటారు కుర్రాడు ముందు తీగ మీటడు.
పట్టీ భుజాన వేసుకుని, జుట్టు నుదుటి మీదికి లాక్కుని,
పక్కకి తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి
"బాగుందా అక్కా?" అంటాడు.
అడిగేది శ్రుతి సంగతి కాదని నాకు తెలుసు.
బాగుంది అంటాను. పన్నుతో కలిపి ఆరువేల ఎనిమిది వందలు.
మూడు నెలలకి అదే గిటారు సగం ధరకి తెస్తాడు.
ఆ అమ్మాయికి కీబోర్డు వాడు నచ్చాడట.

వయొలిన్ పిల్ల అద్దం వైపే రాదు.
దవడ కింద చింతగింజంత నల్లటి మచ్చ.
పెళ్ళిచూపుల రోజు పౌడరు అద్దుకోమని వాళ్ళ పిన్ని పోరు.
"పదేళ్ళు పట్టింది ఇది రావడానికి" అంటుంది,
వేలితో తడుముకుంటూ,
మెడలో గొలుసు తడుముకున్నట్టు.

ఘటం ఆయన చొక్కా గుండీలు విప్పి
కుండ మూతిని పొట్టకి ఆనించుకుంటే
ఆడవాళ్ళు బేరం ఆపేసి చూస్తారు.
ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టలేదు.
ఇంట్లో ఆ పొట్టనే తిడుతుందట వాళ్ళావిడ.

మోర్సింగు అతని సంగతి చెప్పనే కూడదు.
ముందు పన్ను లేదు. ఇద్దరు పెళ్ళాలు.

నీకేం వచ్చమ్మా అని అడుగుతారు నన్ను.
కాలిక్యులేటరు వచ్చు అంటాను.

చౌడప్ప ముళబాగిలు నించి వస్తాడు,
నెలకోసారి, నాదస్వరం పీకల కోసం,
సంచి గుండెకి హత్తుకుని.
మూడు సంబంధాలు తప్పిపోయాయి అతనికి.
ఎవరిదో పెళ్ళిలో ఊదుతుంటే చూసి
"కప్పలా ఉన్నాడమ్మా" అందిట ఒక పిల్ల.
ఆ మాట తనే చెప్పి తనే నవ్వాడు.
"నిజమే ఉంటుంది మేడం,
ఊదేటప్పుడు నా మొగం నేనెప్పుడు చూసుకుంటిని?"

అప్పుడు చూశాడు అద్దాన్ని.
పీకని నాలిక మీద తడుపుకుంటూ దాని ముందు నిలబడి,
ఊదబోయి,
ఆగి,
గోడ వైపు తిరిగాడు.

బయట వాన. మార్కెట్ వైపు బస్సుల హారన్లు.
యజమాని లెక్కల పుస్తకంలోంచి తలెత్తలేదు.
నాకు కనపడింది ఒట్టి వీపు,
చెమటకి అంటుకున్న చొక్కా,
ఆ పైన చెవులు.
ఊపిరి నింపినప్పుడల్లా రెండు చెవులూ
కొంచెం వెనక్కి వెళ్ళి మళ్ళీ వస్తున్నాయి,
మా వీధిలో అరటి తొక్కలు నమిలే ఆవు
ఏదో వినపడి చెవి తిప్పినట్టు.
అది ఏ రాగమో నాకు తెలీదు.
రసీదు మీద తేదీ తప్పు రాశాను.

చిల్లర చేతిలో పెడుతూ
ఇటు తిరిగి ఊదొచ్చు కదా, అన్నాను.
"పీక బాగుంది మేడం" అన్నాడు,
నేను అడిగింది దాని గురించే అయినట్టు.
నలభై రూపాయలు తక్కువ తీసుకున్నానని
సాయంత్రం లెక్కలో తేలింది.
నా జీతంలోంచి కోసుకోమన్నాను.

శుక్రవారం కొట్టు తెరిచేది నేనే.
గడపకి పసుపు రాసి, అగరుబత్తి వెలిగించి,
తడిగుడ్డతో అద్దం తుడుస్తాను.
వీధి అటూ ఇటూ చూసి
బుగ్గలు రెండూ పూరిస్తాను.
కళ్ళు బయటికొస్తాయి. మెడ నరం లేస్తుంది.
కప్పే.
ఎడమ భుజం మబ్బులో.
గాలి వదలకుండా
చెవుల వైపు చూస్తాను,
కదులుతున్నాయేమోనని.